పాత వడ్రంగి పనిముట్లు కొని బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఎవరో ఒకరు సంతలోంచి ఫొటో పంపి "అన్నా, ఇది కొనొచ్చా?" అని అడుగుతారు. అదే జవాబు మళ్ళీ మళ్ళీ టైప్ చేయలేక ఇది రాసిపెట్టాను. నేను వృత్తి వడ్రంగిని కాను. పన్నెండేళ్ళుగా సెలవు రోజుల్లో చెక్కపని చేసుకునేవాణ్ణి. ఒక మాట ముందే చెప్పాలి: చెక్కని పొరలు పొరలుగా గీసి నునుపు చేసే పనిముట్టుని పుస్తకాల్లో చిత్రిక అంటారు, కోస్తా వైపు తోపడ అంటారు, మా హైదరాబాద్‌లో రందా అంటారు. నాకు అలవాటైన మాట రందా, కింద అదే వాడాను.

కొత్తవి దొరుకుతుంటే పాతవి ఎందుకు?

మంచి కొత్త రందా ఖరీదు సరదా కోసం పనిచేసేవాడి జేబుకు భారం. చవక కొత్త రందాని సరిచేయడానికి పట్టే శ్రమ, తుప్పు పట్టిన పాతదాన్ని బాగుచేసే శ్రమకంటే ఏం తక్కువ కాదు. అదే శ్రమ పాతదాని మీద పెడితే చేతికి మెరుగైన ఉక్కు వస్తుంది. కరెంటు మిషన్లు రాకముందు వీటితోనే వేలమంది ఇళ్ళు గడిచాయి కాబట్టి, పనిచేయని సరుకు బజారులో నిలిచేది కాదు. అలాగని పాతవన్నీ బంగారమూ కాదు. ఆ రోజుల్లోనూ నాసిరకం ఉండేది, అది కూడా ఇప్పుడు "యాంటిక్" పేరుతో అమ్ముడవుతోంది.

ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీలో గురువారం జుమ్మేరాత్ బజార్. తెల్లారేసరికి వెళ్ళాలి. పదింటికి వెళితే డీలర్లు ఏరుకోగా మిగిలినవే కనిపిస్తాయి. ముంబై వెళ్ళే పని ఉంటే మటన్ స్ట్రీట్ చోర్ బజార్ చూడండి, కానీ అక్కడ అమ్మేవాళ్ళకి స్టాన్లీ అనే అమెరికన్ పనిముట్ల కంపెనీ పేరు విలువ మీకంటే బాగా తెలుసు.

వీటన్నిటికంటే మంచి చోటు పాత ఇనుప సామాను కొట్టు. కిలోల లెక్కన తూచి ఇస్తారు. నా దగ్గరున్న ఉలుల్లో సగం ఇలా తూకానికి వచ్చినవే. ఇంకా మంచిది, పని మానేసిన మేస్త్రీల ఇళ్ళు. పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉంటారు, అటక మీద గోనెసంచిలో సామాను అలాగే ఉంటుంది. అక్కడ బేరమాడకండి. ఆయన చెప్పిన ధర ఇచ్చి, పది నిమిషాలు కూర్చుని, ఏ ఉలి దేనికి వాడేవారో అడగండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఎస్టేట్ సేల్స్ (ఇంట్లో సామానంతా ఒకేసారి అమ్మేసేవి), గరాజ్ సేల్స్ ఉన్నాయి. మసాచుసెట్స్‌లోని బ్రింఫీల్డ్‌లో మే, జులై, సెప్టెంబర్ నెలల్లో జరిగే పెద్ద పాతసామాన్ల సంత ఒక్కసారైనా చూడదగ్గది. ఇంగ్లండ్‌లో అయితే కార్ బూట్ సేల్స్, అంటే జనం కారు డిక్కీలో పాత సామాను తెచ్చి అమ్మే సంతలు. వీళ్ళని చూస్తే మాకు కొంచెం అసూయ.

సంతలో నిలబడి రెండు నిమిషాల్లో ఏం చూడాలి?

తుప్పు చూసి భయపడకండి. ఎర్రటి పొడి తుప్పు పైపైనే ఉంటుంది, పోతుంది. చూడాల్సినవి పగులు, గుంటలు, పోయిన భాగాలు.

ఇనుప రందాని తిరగేసి, బ్లేడు బయటికొచ్చే సన్నటి నోరు చూడండి. పోతపోసిన ఇనుము పెళుసు, కింద పడితే విరుగుతుంది. పగుళ్ళు ఎక్కువగా ఆ నోటి మూలల నుంచే మొదలై పక్క గోడల్లోకి పాకుతాయి. వెంట్రుకంత గీత కనిపిస్తే గోటితో గీరండి, గోరు తట్టుకుంటే అది పగులే. బ్లేడు, విప్పదగ్గ భాగాలు తీసేసి, ఉత్త ఒంటిని రెండు వేళ్ళతో వేలాడదీసి ఇంకో చేత్తో చిన్న మేకుతో కొట్టండి. గట్టి పోత అయితే ఖణేల్‌మంటుంది. పగిలిన కుండ చప్పుడు వస్తే కింద పెట్టేయండి.

ఈ పాఠం నేను డబ్బిచ్చి నేర్చుకున్నాను. ఓసారి నిగనిగలాడే నల్లరంగు వేసిన నంబర్ 5 రందా కనిపించింది. "తీస్కో సార్, ఫారిన్ మాల్, కొత్తదాని లెక్క ఉంది" అన్నాడు. మెరుపు చూసి మురిసిపోయి తెచ్చుకున్నాను. ఇంట్లో రంగు గీకితే ఎడమ గోడ పొడవునా ఇత్తడితో అతికించిన గీత బయటపడింది. అప్పట్నుంచి తాజా రంగు కంటే నిజాయితీగా కనిపించే తుప్పునే ఎక్కువ నమ్ముతున్నాను.

బ్లేడు దగ్గర రెండు చూడాలి. ఒకటి, వెనకవైపు అంటే చదునైన వైపు, కొస నుంచి అంగుళం మేర లోతైన గుంటలున్నాయా? ఉంటే పదును ఎప్పటికీ పళ్ళు పళ్ళుగానే వస్తుంది. మిగతా చోట్ల గుంటలున్నా పట్టించుకోనక్కర్లేదు. రెండు, ఇంకా ఎంత పొడవు మిగిలింది? నిలువు గాడి నుంచి కొసకి అర అంగుళం కూడా లేకపోతే ఎవరో దాని జీవితం మొత్తం నూరేశారని అర్థం.

ఉలి అయితే తల చూడండి. ఇనుప సుత్తితో బాది బాది పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆకురాయితో రాసి సరిచేయొచ్చు, కంగారు లేదు. ఉలి వంగి ఉంటే మాత్రం వదిలేయండి.

స్టాన్లీ రందా ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

ముందు నేపథ్యం కొంచెం. ఈ ఇనుప రందా రూపం లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్‌ది. ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. ఆ తర్వాత వచ్చిన రందాల్లో చాలా భాగం, ఎవరు చేసినా, ఆ పోలికలోనే ఉంటాయి.

బ్లేడు కూర్చునే ఏటవాలు ముక్కని ఫ్రాగ్ అంటారు. దాని వెనక పోతలో పేటెంట్ తేదీలు చూడండి. మూడు తేదీలుంటే అది 1910-18 మధ్యది. ఒక్క తేదీనే ఉంటే 1920ల మధ్య నుంచి 1930ల మొదటివరకు. తేదీలేవీ లేకపోతే సాధారణంగా ఆ తర్వాతది, లేదా 1902కి ముందుది. బ్లేడు మీద హృదయం గుర్తులో ఎస్, డబ్ల్యు అక్షరాలుంటే 1920-35 నాటి బ్లేడు. కానీ బ్లేడు మార్చుకోవడం నిమిషం పని, కాబట్టి బ్లేడు వయసు ఒంటి వయసు కావాలనేం లేదు. ముందు పిడి పొట్టిగా గుండ్రంగా ఉంటే సాధారణంగా 1919కి ముందుది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇత్తడి కరువై అడ్జస్ట్ చేసే చక్రాన్ని ఉక్కుతోనో గట్టి రబ్బరుతోనో చేశారు.

మన దగ్గర నా కంటపడ్డవి ఎక్కువగా ఇంగ్లండ్‌లో చేసినవి. షెఫీల్డ్‌లో 1930ల నుంచి వచ్చిన రికార్డ్ కంపెనీ రందాలు నీలం రంగులో ఉంటాయి, నంబర్ల ముందు సున్నా ఉంటుంది: 04, 05. అవి స్టాన్లీ 4, 5లకు జోడీలే. పనిలో రెండిటికీ నాకు తేడా తెలియలేదు, ధరలో తెలిసింది.

మొదటి రందా ఏది అంటే: దాదాపు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు ఉన్న నంబర్ 4, లేదా 14 అంగుళాల నంబర్ 5. ఒక్కటే కొనాలంటే నేను 5 అంటాను. 22 అంగుళాల నంబర్ 7 చూడ్డానికి భలే ఉంటుంది, కానీ దాని అడుగు చదును చేయాలంటే చేతులు పడిపోతాయి. మొదట్లోనే దాని జోలికి పోవద్దు.

ఉలి మీద "కాస్ట్ స్టీల్" అని ఉంది. అంటే పోత ఇనుమా?

కాదు. ఇది అందరూ పొరబడే మాట. మూసలో, అంటే నిప్పుకి తట్టుకునే మట్టి పాత్రలో, కరిగించి పోసిన ఉక్కు అని దాని అర్థం. 1740లలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ ఈ పద్ధతి రూపొందించాడు. పాత ఉలి మీద ఆ ముద్ర కనిపిస్తే సంతోషించాల్సిన విషయం.

మూసలో ఉక్కు చేయడం మనవాళ్ళకి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకి పేరుమోసిన ఊరు. పారశీక వర్తకులు కత్తుల కోసం దాన్ని కొనుక్కుపోయేవారు. అక్కడి మూసలు, కొలుముల గురించి వాయిసీ అనే ఇంగ్లిషు పరిశోధకుడు రాసింది 1832లో అచ్చయింది. ఇంగ్లిషువాళ్ళు వూట్జ్ అని పిలిచే ఆ మాటకు మూలం మన "ఉక్కు" అనే అంటారు. షెఫీల్డ్ ఉలిని సానరాయి మీద పెట్టినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. పాత ఉలులు, బ్లేడుల్లో చాలావరకు మొత్తం ఉక్కు కావు. మెత్తని ఇనుము వీపుకి పల్చని ఉక్కు పొర అతికించి ఉంటుంది. పదును పెట్టాక ఏటవాలు అంచుని పక్క వెలుతురులో చూడండి, రెండు రంగుల మధ్య సన్నటి గీత కనిపిస్తుంది.

తుప్పు ఎలా వదిలించాలి?

ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వస్తాయి, కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు మొత్తం విప్పండి. స్క్రూలు బిగుసుకుపోయి ఉంటే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. బలం చూపించకండి. బ్లేడుని ముందుకీ వెనక్కీ జరిపే ఇత్తడి చక్రానికి మర ఎదురు వైపు ఉంటుంది, మామూలు నట్టు అనుకుని తిప్పితే ఇంకా బిగుస్తుంది. పాత స్టాన్లీ స్క్రూల మర కొలత ఇప్పటి హార్డ్‌వేర్ షాపులో దొరకదు. ఒక్కటి పోయినా ఇంకో విరిగిన రందాలోంచి తీయాల్సిందే. అందుకే నేను విప్పిన స్క్రూలన్నీ ఊరగాయ సీసా మూతలో వేసి పెట్టుకుంటాను.

పైపై తుప్పుకి నూనె వేసి స్టీల్ ఊల్‌తోనో, సన్నని శాండ్‌పేపర్‌తోనో రుద్దితే చాలు. అది చాలకపోతే నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే. లీటరు నీళ్ళకి సుమారు 50 గ్రాములు కలిపి ఇనుప భాగాలు మునిగేలా పెట్టండి. గంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. నాలుగైదు గంటల్లో తుప్పు నల్లటి బురదలా ఊడివస్తుంది. తర్వాత నీళ్ళతో కడిగి, వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి, వెంటనే తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తోనో ఎండలోనో ఆరబెట్టి నూనె రాయండి. "వెంటనే" అన్నది ఊరికే అనలేదు. తడి ఇనుము మీద మీరు టీ తాగొచ్చేలోపు నారింజ రంగు పొర వచ్చేస్తుంది.

వెనిగర్ కూడా పనిచేస్తుంది, నెమ్మదిగా. నేనో మంచి బ్లేడుని వెనిగర్‌లో వేసి ఊరెళ్ళి మూడు రోజులకి వచ్చాను. తుప్పు పోయింది, దాంతోపాటు ఉక్కు నునుపూ పోయి చేప పొలుసులా తయారైంది. ఏ పులుపులోనూ పనిముట్టుని మర్చిపోకండి.

బాగా ముదిరిన తుప్పుకి కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్ళు, లీటరుకి ఒక చెంచా బట్టల సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. పనిముట్టుకి నెగెటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని మామూలు ఇనుప ముక్కకి పాజిటివ్. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఆ బలిపశువు ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్ అసలు కాకూడదు, నీళ్ళలో విషపూరిత క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చార్జర్ ఆపకుండా తొట్టెలో చెయ్యి పెట్టకండి. ఇత్తడి, అల్యూమినియం భాగాలు ఇందులో వేయొద్దు.

గ్రైండర్‌కి వైర్‌బ్రష్ తగిలించి రుద్దేయొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు. ముద్రలు, అక్షరాలు కూడా అరిగిపోతాయి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి ఏది రుద్దినా మాస్క్ పెట్టుకోండి.

ఇత్తడి భాగాలకి?

చింతపండు. దేవుడి సామాన్లు తోమినట్టే.

చెక్క పిడి పగిలింది, లేదా రంగు ఊడింది?

శుభ్రంగా విరిగితే జిగురు పెట్టి రబ్బరు ట్యూబుతో బిగించి కట్టండి. సైకిల్ ట్యూబు ముక్కకంటే మంచి క్లాంప్ ఈ వంకర పిడికి దొరకదు. ముక్క పోయి ఉంటే అదే రంగు చెక్క అతికించి చెక్కుకోవాలి. కొత్త ఉలి పిడికి మాత్రం నా ఓటు తుమ్మకి. బండి చక్రాలకి వాడిన చెక్క అది, దెబ్బలకి తట్టుకుంటుంది. చేవ భాగమే తీసుకోండి.

పైన అవిసె నూనె రెండు మూడు పూతలు, లేదా చప్డా (లక్క) పాలిష్. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

రందా అడుగు చదును చేయాలా?

కొంతవరకు. ముందు కొస, నోటి చుట్టూ, వెనక కొస ఒకే మట్టంలో ఉంటే చాలు, మధ్యలో కాస్త పల్లం ఉన్నా పనికి అడ్డం రాదు. వంటగట్టు వేయించగా మిగిలిన గ్రానైట్ బండ ముక్క మీద 80 నంబర్ శాండ్‌పేపర్ అంటించి, అడుగున మార్కర్ పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దండి. గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడ ఎత్తు. తర్వాత 120, 220. రుద్దేటప్పుడు బ్లేడుని లోపలికి జరిపి, మామూలుగా బిగించే ఉంచాలి. ఆ బిగింపుకి ఒళ్ళు కొద్దిగా వంగుతుంది, పనిచేసేది ఆ స్థితిలోనే కదా. అద్దంలా మెరిపించాలన్న యావతో గంటలు పోగొట్టుకున్న మిత్రులు నాకున్నారు.

పదును ఎలా పెట్టాలి?

ముందు వెనకవైపు చదును, కొస దగ్గర అంగుళం మేర. అది అద్దమయ్యాకే ఏటవాలు వైపు. 25 డిగ్రీల వాలు, చివరి వెంట్రుకవాసి 30 డిగ్రీలు. 1000 నంబర్ రాయి మీద నూరుతూ ఉంటే వెనకవైపు వేలికి గరుకుగా పల్చని అంచు తగులుతుంది. అది కొస పొడవునా తగిలితేనే ముందుకెళ్ళాలి. తర్వాత 4000 రాయి, చివర్లో తోలు పట్టీ. ముంజేతి వెంట్రుకలు తెగితే పదును వచ్చినట్టే. మా ఇంట్లో నా ఎడమ ముంజేయి ఎప్పుడూ నున్నగా ఉండడం ఒక జోకు.

కరెంటు సాన మీద పెడితే ఒక ప్రమాదం ఉంది. కొస నీలంగా మారిందంటే సుమారు 300 డిగ్రీల వేడి తగిలింది, అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. ఆ నీలం భాగమంతా నూరి తీసేయాలి. సంతలో కొన్న బ్లేడు పదును నిలవకపోతే ఎవరో ముందే ఈ పని చేసి ఉండొచ్చు. ఆకురాయితో మెల్లగా రాసి చూడండి. జారిపోతే ఉక్కు గట్టిగా ఉంది, కరుచుకుంటే మెత్తబడింది.

అన్నీ చేశాను. అయినా చెక్క లేచిపోతోంది.

బ్లేడు మీద కూర్చునే రెండో ఇనుప పలక చూడండి. దాని కొస బ్లేడుకి సందు లేకుండా ఆనాలి. వెలుతురుకి పట్టి చూస్తే దారమంత వెలుగు కూడా రాకూడదు, వస్తే పొట్టు అందులో ఇరుక్కుంటుంది. ఆ కొసని బ్లేడు పదునుకి అర మిల్లీమీటరు దగ్గరగా జరిపితే ఎదురు నార చెక్క కూడా లేవకుండా వస్తుంది. నేను మూడేళ్ళు దీన్ని ఊరికే బిగించి వాడాను. మా వీధిలోని మేస్త్రి ఒకరోజు చూసి, "సారూ, ఆ పై రేకు అలంకారానికి పెట్టలే" అని నవ్వి, గోటితో జరిపి ఇచ్చారు. తర్వాతి తోపుకి వచ్చిన పొర ఉల్లిపొరలా ఉంది.

రంపాల సంగతేమిటి?

పళ్ళ వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు చూడండి. రేకు నిటారుగా ఉంటే తుప్పు ఎంతున్నా కొనొచ్చు. ఒక్కచోట మడత పడి ఉంటే వద్దు, దాన్ని కొట్టి సరిచేయడం వేరే విద్య. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఫిలడెల్ఫియా డిస్టన్ రంపాలు సులువుగా దొరుకుతాయి. పిడి మీది ఇత్తడి బిళ్ళలో పేరుంటుంది. మన వైపు షెఫీల్డ్ సరుకు.

తుప్పు తీసేటప్పుడు శాండ్‌పేపర్‌ని చెక్కముక్కకి చుట్టి రుద్దండి, రేకు మీద చెక్కిన బొమ్మ ఉంటే మిగులుతుంది. పళ్ళని ముక్కోణపు ఆకురాయితో పదును పెట్టాలి. నిలువు కోత పళ్ళు ఉలిలా నేరుగా, అడ్డకోతవి కత్తిలా వాలుగా. మొదటిసారి పాడుచేస్తారు, అందరం చేశాం. అందుకే తూకానికి తెచ్చిన రంపం మీద నేర్చుకోండి.

చెక్క ఒంటి రందాలు కొనొచ్చా?

నిరభ్యంతరంగా. మన మేస్త్రీలు తరాలుగా వాడినవి అవే. తుప్పు బాధ ఒక్క బ్లేడుకే. చెదలు, పగుళ్ళు, నోరు మరీ అరిగి వెడల్పయిందా అన్నవి చూసుకోండి. నోరు వెడల్పైతే ముందువైపు చిన్న చెక్క ముక్క పొదిగితే సరి.

మళ్ళీ తుప్పు పట్టకుండా?

కుట్టుమిషన్ నూనె పల్చగా. కొబ్బరినూనె వద్దు, జిగటవుతుంది. రందా అడుగున కొవ్వొత్తి రాస్తే తుప్పూ ఆగుతుంది, తోయడమూ తేలికవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ప్రతి వాడకం తర్వాతా తుడవాలి. చేతి చెమట చాలు, మర్నాటికి వేలిముద్రలు ఎర్రగా తేలతాయి.

మా తాతగారి సామాను ఉంది. కొత్తవాటిలా చేయించనా?

బ్లేడు పదును పెట్టండి, తుప్పు తుడవండి, అక్కడితో ఆగండి. పిడి మీది అరుగుదల, గీరిన పేరు, రంగు మరకలు ముట్టుకోవద్దు. అమ్మాలనుకున్నా అంతే, సేకరించేవాళ్ళు ఎక్కువ డబ్బు ఇచ్చేది చెక్కుచెదరని పాతదనానికి.

అమెరికా నుంచి విమానంలో తేవచ్చా?

తేవచ్చు, చెక్-ఇన్ సామానులో మాత్రమే. ఉలి, రంపం, రందా బ్లేడు ఏదీ చేతి బ్యాగులో రానివ్వరు. రందాని విప్పి, బ్లేడుకి అట్ట తొడిగి, ఒంటిని రెండు టవళ్ళలో చుట్టండి. ఒక్క నంబర్ 7 దాదాపు మూడున్నర కిలోలుంటుంది, ఆవకాయ జాడీకి చోటు చూసుకుని సర్దండి.